ఊ కొట్టకుండా వినడం

హకీంపేటలో ఎవరినైనా కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించాలంటే ముందు ఆకాశానికి చెవి ఒగ్గాలి. వైమానిక దళం శిక్షణ స్థావరం అక్కడే ఉంది. విమానాలు లేచిన పూట, అసలు మాట నోటిదాకా వచ్చే వేళకే నెత్తిమీద మోత మొదలవుతుంది. మాట్లాడుతున్న అమ్మాయి ఆగదు. చిన్నప్పటి నుంచీ ఆ మోత కిందే పరుగెత్తిన పిల్ల, ఆమెకది వినపడను కూడా వినపడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న సౌండ్ కుర్రాడు మాత్రం చెయ్యెత్తుతాడు. విమానం పోయాక "ఇంకోసారి చెప్పమ్మా" అంటాం. రెండోసారి మాటలన్నీ అవే వస్తాయి, ప్రాణం మాత్రం విమానంతో పాటే వెళ్లిపోయి ఉంటుంది. కాలేజీ క్రీడాకారుల కష్టాల మీద డాక్యుమెంటరీ తీయడంలో ఉన్న చిక్కంతా ఆ రెండు టేకుల మధ్య ఉంది.

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు దారులు చీలతాయి. ఒకటి రాజీవ్ రహదారి: అల్వాల్, హకీంపేట, తూముకుంట, శామీర్‌పేట. రెండోది 44వ నంబరు జాతీయ రహదారి: కొంపల్లి, కండ్లకోయ, మేడ్చల్. హకీంపేటలో 1993లో మొదలైన క్రీడా పాఠశాల ఉంది. కండ్లకోయ, మైసమ్మగూడల్లో వరసగా ఇంజినీరింగ్ కాలేజీలు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఆ దగ్గర్లోనే 2008లో వచ్చిన బిట్స్ ప్రాంగణం. ఇంతమంది విద్యార్థులున్న చోట ఆటగాళ్లకు కొదవ లేదు, ఇప్పుడు కెమెరాలకూ కొదవ లేదు. మీడియా క్లబ్ లేని కాలేజీ కనపడదు. స్పోర్ట్స్ డే దగ్గర పడిందంటే ఒక వీడియో తయారవుతుంది, ఆ వీడియో ఎలా ఉంటుందో మీకూ తెలుసు. చీకట్లో షూ లేసులు కట్టుకునే చేతులు. ఖాళీ ట్రాక్. వయొలిన్. నాన్న చేసే కూలి పని. అమ్మ కళ్లు. మళ్లీ వయొలిన్. స్లో మోషన్‌లో ఫినిషింగ్ లైన్. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. పేరు మార్చి ఇంకో ఆటగాడికి అతికించినా చక్కగా అతుకుతుంది, అదే దాని జబ్బు. అందులో పేదరికం కనపడుతుంది కానీ ఆట కనపడదు. ఆట కనపడకుండా ఆటగాడి కష్టం ఎలా కనపడుతుందో నాకు అర్థం కాదు.

ఈ అలవాటు మనకు కొత్తగా వచ్చింది కాదు. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడ్డాక, సినిమా హాల్లో అసలు బొమ్మ పడే ముందు డాక్యుమెంటరీ వేయడం దేశమంతా రివాజైంది. జనం దాన్ని బయటికెళ్లి సోడా తాగి రావడానికి ఇచ్చిన వ్యవధిగా తీసుకున్నారు. లోపల కూర్చున్నవాళ్లకు వినపడేది ఒక గంభీరమైన గొంతు. ఆ గొంతు ఆనకట్టనూ, వరదనూ, కుస్తీ పోటీనీ ఒకే స్థాయిలో వర్ణించేది. బొమ్మలో ఉన్న మనిషి నోరు కదిలేది, మాట మాత్రం వినపడేది కాదు. ఈనాటి కాలేజీ వీడియోలో వయొలిన్ మీద నడిచే వ్యాఖ్యానం ఆ గొంతుకు మనవడే. దానికి విరుగుడు కూడా ఈ రోడ్డు మీదే దొరికింది. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీదే ముందుకు పోతే గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్ వస్తుంది. బి. నర్సింగరావు పుట్టిన ఊరు. తెలంగాణ పల్లె బతుకును 'మా ఊరు' డాక్యుమెంటరీగా తీసిన ఆయన, మనుషుల్ని వాళ్ల పనిలో, వాళ్ల వేగంలో చూడొచ్చని తెలుగువాళ్లకు చూపించారు. మీడియా క్లబ్ పిల్లలకు నేను మొదట చెప్పేది ఆయన పేరే. కెమెరా పేరు తర్వాత.

ఇక వినడం సంగతి. మన కథకు శ్రోత ఒక్కడు చాలడు, ఊ కొట్టేవాడు కావాలి. నాయనమ్మ కథ చెబుతుంటే ఊ అనకపోతే "నిద్రపోయినవా?" అని ఆగిపోయేది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలు ఉండి తందాన అంటేనే కథ కదులుతుంది. ఒగ్గు కథలోనూ అంతే, పక్కవాడు అందుకోకపోతే కథ నడవదు. ఇంత ఊకొట్టే సంస్కృతిలోంచి వచ్చిన మనిషి కెమెరా పక్కన కూర్చుని ఇంటర్వ్యూ చేస్తే ఏమవుతుంది? అలవాటుగా ఊ అంటాడు, అయ్యో అంటాడు, కరెక్ట్ అంటాడు. ఆ శబ్దాలన్నీ ఆటగాడి మాట మీదే పడతాయి. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు తెలుస్తుంది: అమ్మాయి "ఆ రోజు మా నాన్న రాలే" అన్న చోట మీ "అయ్యో" అతుక్కుని ఉంటుంది, కోస్తే రెండూ పోతాయి. కాబట్టి ఊ కొట్టాలి, నోటితో కాదు. తలతో, కళ్లతో, ముందుకు వంగిన వెన్నుతో కొట్టాలి. చెప్పినంత తేలిక కాదు ఇది. ఎదుటి మనిషి ఏడుస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం మర్యాదలేని పనిగా తోస్తుంది మనకు. ఆ ఇబ్బందిని ఓర్చుకోవాలి. జవాబు అయిపోయిందనిపించాక కూడా నాలుగైదు సెకన్లు ఓర్చుకోవాలి. ఆ ఖాళీని నింపడానికి మనిషి చెప్పే మాట చాలాసార్లు అంతకుముందు చెప్పినదాని కంటే నిజమై ఉంటుంది.

అడిగే ప్రశ్న ఇంకో సమస్య. టీవీ మైకుల నుంచి మన పిల్లలు నేర్చుకున్న ప్రశ్న ఒక్కటే: "మీకు ఎలా అనిపించింది?" దానికి జవాబు కూడా ఒక్కటే: "చాలా హ్యాపీగా ఉంది." ఓడిపోయి ఉంటే "చాలా బాధగా ఉంది." ఆ జవాబుతో సినిమా తీయలేం. ఆ రోజు పొద్దున ఏం తిన్నావు? స్టేడియానికి ఎట్ల వచ్చినవ్, ఎవరు తోడొచ్చిండ్రు? కాల్ రూమ్‌లో నీ పక్కన ఎవరు కూర్చున్నారు? షూ ఎవరిది? ఇలాంటివి అడగాలి. వస్తువు గురించి అడిగితే జ్ఞాపకం దొరుకుతుంది, మనసు గురించి అడిగితే బట్టీ పట్టిన వాక్యం దొరుకుతుంది. ఎక్కడ కూర్చోబెట్టి అడుగుతున్నామన్నదీ అంతే ముఖ్యం. పీడీ సారు గదిలో, కప్పుల బీరువా ముందు కూర్చోబెడితే ఆ పిల్లవాడు పీడీ సారుకు జవాబు చెబుతాడు, మనకు కాదు. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుంటే తెలుస్తుంది, చేతిలో పని నడుస్తుంటే మాట ఎంత సులువుగా వస్తుందో. స్పైక్స్‌కు అంటిన మట్టి గీకుతున్నప్పుడో, కాలికి టేపు చుట్టుకుంటున్నప్పుడో అడగండి.

ఆటగాడి మాటను అతని మాటలాగే ఉంచండి. "ఉరికిన" అన్నవాణ్ని "పరుగెత్తాను" అని మళ్లీ చెప్పించడం నేను చూశాను. రెండోసారి అతను కెమెరాకేసి పాఠం అప్పజెప్పాడు. తండా నుంచి వచ్చిన అమ్మాయి అమ్మతో ఫోన్‌లో లంబాడీలో మాట్లాడితే ఆ భాషే ఉంచి కింద తెలుగు అక్షరాలు వేస్తే సరిపోతుంది.

కష్టం అంటే ఏమిటన్న ప్రశ్నకు మన దగ్గరి నుంచే ఒక మంచి ఉదాహరణ ఉంది. హర్డిలర్ జ్యోతి యర్రాజిది విశాఖపట్నం. హైదరాబాద్‌లో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) శిక్షణలో నాగపురి రమేశ్ దగ్గర మెలకువలు నేర్చుకుంది, తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గరికి వెళ్లింది. ఆమె గురించి వచ్చే ప్రతి కథనమూ నాన్న సెక్యూరిటీ గార్డు అన్న మాటతో మొదలవుతుంది. అది నిజమే. కానీ 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో ఏం జరిగిందో చూడండి. 100 మీటర్ల హర్డిల్స్‌ను ఆమె 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పినది. జ్యోతి పరుగును రికార్డుగా ఒప్పుకోలేదు. అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. తప్పు పరుగులో లేదు, కాగితాల్లో ఉంది. రెండేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. ఈసారి పరీక్షలున్నాయి, అధికారులున్నారు, గాలి మాత్రం సెకనుకు 2.1 మీటర్ల వేగంతో వెనక నుంచి వీచింది. అనుమతించేది 2.0 వరకే. మళ్లీ లెక్కలోకి రాలేదు. చివరికి 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు ఆమె పేరు మీదికి వచ్చింది. లెక్కలోకి రాని రెండు పరుగులూ ఆ రికార్డు కంటే వేగమైనవే.

ఇది కష్టం కాదా? దీనికి వయొలిన్ ఎక్కడ వాయిస్తారు? దీన్ని చిత్రించాలంటే ముందు గాలిని కొలిచే పరికరం ఎక్కడుంటుందో తెలియాలి. మొదటి లేన్ పక్కన, ఫినిషింగ్ లైన్‌కు 50 మీటర్ల ఇవతల, మనిషి నడుముకు కాస్త పైన, 1.22 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మహిళల హర్డిల్స్‌లో తుపాకీ పేలినప్పటి నుంచి 13 సెకన్ల పాటు గాలిని కొలుస్తుంది. దాదాపు జ్యోతి పరుగెంతసేపో అంతసేపు. పరుగు అయ్యాక అందరి కెమెరాలూ గెలిచిన మొహం మీదికి వెళతాయి. ఆమె కళ్లు మాత్రం ఆ అంకె వేసే బోర్డు మీద ఉంటాయి. డాక్యుమెంటరీ తీసేవాడు ముందుగానే అటు తిరిగి కూర్చోవాలి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె పక్క లేన్ నుంచి తప్పుడు స్టార్టు జరిగి, వాదన నడిచి, కంచు వెండిగా మారింది. 2025లో మోకాలి లిగమెంట్‌కు శస్త్రచికిత్స అయింది. ఈ జీవితంలో డబ్బు లేకపోవడం ఒక అధ్యాయం, గాలి ఇంకొకటి, నిబంధన ఇంకొకటి, మోకాలు ఇంకొకటి. మనం మొదటి అధ్యాయం దగ్గరే పుస్తకం మూసేస్తున్నాం.

హర్డిల్స్ సంగతే ఇంకాస్త చెప్పుకుందాం, ఎందుకంటే ఆట తెలియనివాడి కెమెరా అందులో ఇట్టే దొరికిపోతుంది. మొత్తం పది హర్డిల్స్, 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది 13 మీటర్ల దూరంలో, తర్వాత ప్రతి 8.5 మీటర్లకూ ఒకటి, చివరిది దాటాక 10.5 మీటర్లు. రెండు హర్డిల్స్ మధ్య మూడే అంగలు. ఆ లయ తప్పితే పరుగు తప్పినట్టే. ఎదురుగా లాంగ్ లెన్స్ పెట్టి తీస్తే హర్డిల్స్ అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి, మనిషి ఎంత పరుగెత్తినా దగ్గరికి రానట్టే ఉంటుంది. అలసటను చూపించాలంటే అది మంచి కోణం. పక్క నుంచి తీస్తే వేగం తెలుస్తుంది. నేలకు దగ్గరగా, హర్డిల్ చెక్క ఎత్తులో పెడితే మోకాలికీ చెక్కకూ మధ్య ఎంత తక్కువ జాగా ఉందో తెలుస్తుంది. ఆ కాస్త జాగా కోసమే ఏళ్ల తరబడి సాధన. ఈ మూడు కోణాలూ ఒక్క పరుగులో దొరకవు. మూడు రోజులు వెళ్లాలి, ఎండలో నిలబడాలి, కోచ్‌తో "మీరు మళ్లీ వచ్చిండ్రా" అనిపించుకోవాలి.

అగసర నందినిది హెప్టాథ్లాన్, రెండు రోజుల్లో ఏడు పోటీలు. గురుకుల డిగ్రీ కాలేజీ విద్యార్థినిగా ఆమె హాంగ్‌ఝౌలో 5712 పాయింట్లతో కంచు గెలిచింది. నాలుగో స్థానంలో నిలిచిన స్వప్న బర్మన్‌కు 5708. నాలుగు పాయింట్లంటే ఆఖరి 800 మీటర్లలో సెకనులో మూడో వంతు కూడా కాదు. నందిని తండ్రి టీ దుకాణం మన పత్రికలన్నింటిలో వచ్చింది. పాయింట్ల పట్టిక ఎలా పనిచేస్తుందో, ఎత్తుకు దూకడంలో పోగొట్టుకున్నదాన్ని పరుగులో ఎలా రాబట్టుకుంటారో ఎక్కడా రాలేదు. అది అర్థమైతే తప్ప ఆ చివరి రెండు రౌండ్ల పరుగు ఎందుకు గుండెలు అదిరేలా ఉంటుందో చూసేవాడికి తెలియదు. స్వప్న కూడా మన దేశపు అమ్మాయే, అంతకు ముందు ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినదే. ఆ నాలుగు పాయింట్లకు అటువైపు కూడా ఒక సినిమా ఉంది.

జీవాంజి దీప్తి విషయంలో నా ఫిర్యాదు వేరు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చి, మేధో వైకల్యం ఉన్నవాళ్లు పోటీపడే టీ20 విభాగంలో, 2024 మేలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ రికార్డును పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో తుర్కియే అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96తో తిరగరాసింది. మర్నాడు, సెప్టెంబరు 3న, ఫైనల్‌లో దీప్తికి 55.82తో కంచు. మూడున్నర నెలలు తన విభాగంలో ప్రపంచంలో అందరికంటే వేగంగా ఉండి, ఒక్క రాత్రి ముందు ఆ మాట పోగొట్టుకుని, మర్నాడు మళ్లీ గీత మీద నిలబడడం మామూలు విషయమా? మనవాళ్లు తీసిన వీడియోలు మాత్రం ఊళ్లో ఆమెను ఏమని వెక్కిరించేవారో ఆ తిట్లను లెక్కపెట్టి చెబుతాయి. తిట్టినవాళ్ల మాటలకు ఇంకా విస్తృతంగా ప్రచారం దొరికింది, అంతే. నేనైతే ఆమెనూ కోచ్‌నూ వేరే ప్రశ్న అడుగుతాను. 400 మీటర్లలో మొదట్లోనే బలమంతా ఖర్చు చేస్తే చివరి వంద మీటర్లలో కాళ్లు రాయి అవుతాయి. ఆ బలాన్ని పంచుకోవడం ఎలా నేర్చుకున్నావు, ఎలా నేర్పారు? ఆ జవాబులో ఆమె వైకల్యమూ ఉంటుంది, తెలివీ ఉంటుంది.

ఊరికి అంటిన ముద్ర మనిషికి ఎంతకాలం అంటుకుని ఉంటుందో చూడాలంటే రాగాల వెంకట్ రాహుల్ దగ్గరికి వెళ్లాలి. హకీంపేట క్రీడా పాఠశాలలో చదువుకున్న బరువులెత్తే కుర్రాడు. 2014 నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో వెండి, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి స్వర్ణం. సొంతూరు స్టూవర్టుపురం. ఆ ఊరి పేరుతో 1991లో పోలీస్ స్టేషన్ సినిమా వచ్చింది, దొంగల సినిమా వచ్చింది, 2023లో టైగర్ నాగేశ్వరరావు మీద భారీ సినిమా వచ్చింది. అందరూ దొంగల దగ్గరికే వెళ్లారు. బంగారం గెలిచినవాడి మీద మాత్రం ఇంతవరకూ ఎవరూ అంత ఖర్చు పెట్టలేదు. పెట్టినా, మొదటి షాట్‌లో ఊరి బోర్డు చూపించి పాత దొంగతనాల కథ ఎత్తుకుంటారేమోనని నా భయం.

క్రీడా పాఠశాల పిల్లల కష్టం అసలు ఎక్కడ మొదలవుతుందంటే నాలుగో తరగతి ప్రవేశాల దగ్గర. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు ఎత్తు కొలిపించుకుని, బరువు తూగి, 30 మీటర్లు, 800 మీటర్లు పరుగెత్తి, షటిల్ రన్ చేసి, నిలువుగా, అడ్డంగా దూకి, మెడిసిన్ బాల్ విసిరి, నెగ్గితే హాస్టల్‌కు వస్తారు. కాలేజీకి వచ్చేసరికి ఇల్లు విడిచి దాదాపు పదేళ్లవుతుంది. సెలవులకు ఇంటికి వెళితే అమ్మ వాళ్లకు చుట్టానికి వడ్డించినట్టు వడ్డిస్తుంది, అన్నం ఎంత తింటారో కూడా అడిగి తెలుసుకుంటుంది. ఆ వడ్డనను దూరం నుంచి, ఒక్క మాట లేకుండా తీసి పెట్టుకోండి. అంతకు మించిన ఇంటర్వ్యూ ఉండదు.

కాలేజీలో ఇంకో రకం పరుగు మొదలవుతుంది. జేఎన్‌టీయూ లెక్కలో 75 శాతం హాజరు ఉండాలి, 65 వరకు కండోనేషన్ కట్టి గట్టెక్కొచ్చు. అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలకు పది రోజులు, దానికి ముందు క్యాంపు, మధ్యలో మిడ్ పరీక్షలు. పరీక్ష రాయకపోతే సప్లీ, సప్లీ మీద సప్లీ. గెలిచి వచ్చిన పిల్లవాడు పతకం మెడలో వేసుకుని డిపార్ట్‌మెంట్ బయట సంతకం కోసం నిలబడటం చూడని కాలేజీ ఉండదు. అమెరికాలో 2016లో వచ్చిన 'లాస్ట్ ఛాన్స్ యూ' సిరీస్ ఈ కోణం పట్టుకునే పేరు తెచ్చుకుంది. మిసిసిపీలోని ఒక చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మీద తీసింది అది. ఆరడుగుల దిట్టమైన ఆటగాళ్లు, భీకరమైన కోచ్. కానీ అందరికీ గుర్తుండిపోయింది మాత్రం వాళ్ల చదువు చూసే బ్రిటనీ వాగ్నర్. క్లాసుకు వెళ్తున్న ప్రతివాణ్నీ "పెన్సిల్ ఉందా?" అని అడిగే ఆవిడ. మైదానం కంటే ఆ పెన్సిల్ దగ్గరే వాళ్ల భవిష్యత్తు తేలుతోందని తీసినవాళ్లు గమనించారు. మన కాలేజీల్లో ఆ పెన్సిల్‌కు సమానమైనది హాజరు రిజిస్టరు. దాన్ని తీసిన మీడియా క్లబ్ నాకింకా తారసపడలేదు.

ఈ రకం సినిమాలకు పెద్దన్న 'హూప్ డ్రీమ్స్'. షికాగోలోని ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ, బాస్కెట్‌బాల్ ఆడి పైకి రావాలనుకుంటారు. స్టీవ్ జేమ్స్, ఆయన మిత్రులు అరగంట సినిమా తీద్దామని వెళ్లి ఐదేళ్లు ఉండిపోయారు. 250 గంటల ఫుటేజీలోంచి మూడు గంటలకు పది నిమిషాలు తక్కువగా సినిమా తేల్చి 1994లో విడుదల చేశారు. మధ్యలో ఏజీ ఇంటికి కరెంటు కట్ చేశారు. సినిమా తీసేవాళ్లు చీకటిగా ఉన్న ఇంటిని చిత్రీకరించి, తర్వాత కరెంటు తిరిగి రావడానికి డబ్బు సాయం చేశారు. సినిమాకు వచ్చిన రాబడిలో కుటుంబాలకు వాటా ఇచ్చారు. డాక్యుమెంటరీ తీసేవాడు ఏదీ తాకకూడదని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదన ఎప్పుడూ ఎక్కలేదు. ఎవరి చీకటి మీద మన సినిమాకు వెలుగొస్తుందో, వాళ్ల బిల్లు కట్టడంలో సినిమా చెడిపోదు. కట్టిన సంగతి దాచిపెడితే మాత్రం చెడుతుంది.

మన పిల్లలకు ఐదేళ్లు ఎక్కడివి అంటారు. నిజమే, సెమిస్టరే ఉంటుంది. అయితే ఒక సెమిస్టర్ అంతా వారానికి ఒక్కరోజు వెళ్లినా, వరసగా నాలుగు రోజులు తీసినదాని కంటే మెరుగు. మొదటి రెండు వారాలు కెమెరా సంచీలోనే ఉండాలి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే 229 బస్సులో ఆ పిల్లవాడితో పాటే నిలబడి ప్రయాణం చేస్తే, ఏ స్టాపులో సీటు దొరుకుతుందో, ఏ స్టాపులో నిద్రపోతాడో తెలుస్తుంది. అప్పుడు కెమెరా బయటికి తీస్తే "అన్నా, తీస్తున్నవా?" అని ఒకసారి అడిగి వదిలేస్తాడు.

సాంకేతికం గురించి రెండు ముక్కలు, ఎక్కువ అక్కర్లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాస్టల్ ట్యూబ్‌లైట్ల కింద సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు యాభయ్యో వంతు పెట్టుకోవాలి. ఫోన్లో 30, 60 అని ఉన్నవాటిని అలాగే వదిలేస్తే గోడలు వణుకుతున్నట్టు వస్తాయి. మైదానంలో ఎండ ఉన్నప్పుడు ఐదువందలో వంతుకు పెంచితే గాల్లో ఉన్న కాలు కాలులా కనపడుతుంది. చవక కాలర్ మైకయినా సరే, ఖరీదైన లెన్స్ కంటే ముందు కొనండి, దానికి గాలి తగలకుండా బూరు తొడుగు కూడా. డ్రోన్ మీద ఆశ హకీంపేటలో వదులుకోవాల్సిందే. వైమానిక స్థావరం పక్కన ఎగరేస్తే ముందు పోలీసులొస్తారు. పశ్చిమాన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ కూడా ఉంది కాబట్టి మేడ్చల్ వైపూ మ్యాప్ చూసుకోకుండా ఎగరేయొద్దు. డ్రోన్ లేకపోవడం ఒక రకంగా మేలే అనుకుంటాను. ఆకాశం నుంచి చూస్తే ట్రాక్ అందంగా ఉంటుంది, అందులో మనిషి చీమలా ఉంటాడు.

అనుమతి గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. 18 నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం కావాలి. ఇంటర్ పిల్లలు చాలామంది ఆ వయసులోపలే ఉంటారు. అయితే సంతకం ఒక్కటే అనుమతి కాదు. హాస్టల్లో ఉండే పిల్లకు వార్డెన్ ముందు, కోచ్ సారు ముందు "వద్దు" అనే వీలెక్కడిది? ఆ మాట వాళ్లు లేని చోట అడగాలి, రెండుసార్లు అడగాలి, తీశాక చూపించి మూడోసారి అడగాలి. సాధన అయ్యాక ఒళ్లు అలసి ఉన్నప్పుడు మనుషులు అనుకున్నదాని కంటే ఎక్కువ చెప్పేస్తారు. మర్నాడు పొద్దున "అన్నా, అది తీసెయ్" అంటే తీసెయ్యాలి, ఎంత గొప్ప మాటైనా సరే. లైంగిక వేధింపుల సంగతి వచ్చిందంటే పిల్లల పేరు, మొహం, స్కూలు, ఊరు ఏదీ బయటపడకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ కచ్చితంగా చెబుతుంది. గొంతు మార్చి, వెనక నుంచి వీపు తీసినంత మాత్రాన సరిపోదు. ఆ జట్టులో ఆ జడ ఎవరిదో అందరికీ తెలుసు.

శరీరం గురించి అడిగే ప్రశ్నలకూ హద్దుండాలి. హైదరాబాద్‌లో రమేశ్ దగ్గరే శిక్షణ పొందిన స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను 2014లో హార్మోన్ల లెక్క చెప్పి పోటీలకు దూరం పెట్టారు. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015 జులైలో ఆ నిబంధననే ఆపించింది. ఆమె ఒంటి గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆ ఏడాది పాటు పోటీ లేకుండా రోజూ ట్రాక్ మీదికి ఎలా వెళ్లిందో అడిగినవాళ్లు తక్కువ.

ఎడిటింగ్‌లో నాది ఒకటే చాదస్తం: సంగీతం ఆఖర్న. ముందు మాటలన్నీ కాగితం మీద రాసుకుని, వరస పెట్టుకుని, మైదానం శబ్దంతో సినిమా నడుస్తుందో లేదో చూడాలి. స్పైక్స్ ట్రాక్‌లో దిగి లేచే చప్పుడు, కోచ్ విజిల్, హర్డిల్‌కు మోకాలు తగిలిన చెక్క చప్పుడు, వీటితో నడవని సినిమా వయొలిన్‌తో నడిచినట్టు కనిపిస్తుంది, అంతే. పతకంతో ముగించాలన్న కోరికనూ అనుమానించండి. జాతీయ స్థాయికి చేరని ఆటగాళ్లే కాలేజీల్లో ఎక్కువ. మూడో సంవత్సరంలో మోకాలు పోయి, క్యాంపస్ ఇంటర్వ్యూల్లో కూర్చుని, స్పైక్స్‌ను జూనియర్‌కు ఇచ్చేసిన కుర్రాడి కథ కూడా పూర్తి కథే. ఆ స్పైక్స్ చేతులు మారే షాట్ దొరికితే చాలు.

ఇంటర్వ్యూ అయ్యాక చెయ్యాల్సిన చిన్న పని ఒకటుంది. గదిలో ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా అర నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యాలి. మాటల మధ్య అతుకులు వేయడానికి ఎడిటర్‌కు అది కావాలి. ఫ్యాన్ మోత, దూరంగా రాజీవ్ రహదారి మీద లారీల హారన్లు, పక్క గదిలో బకెట్ చప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. ముందే చెప్పాలి, "అర నిమిషం గమ్మున కూర్చుందాం, మైక్ ఆన్‌లోనే ఉంది" అని. అందరూ నేల చూపులు చూస్తూ కూర్చుంటారు. ఇరవై సెకన్లు గడిచాక, ప్రశ్నలన్నీ అయిపోయాయన్న ధీమాతో, ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, "అన్నా, ఒక్కటి చెప్పలే" అంటుంది. నిశ్శబ్దం చెడిపోతుంది. సౌండ్ కుర్రాడు మీ వైపు చూస్తాడు. చెయ్యి ఎత్తొద్దని కళ్లతోనే చెప్పండి.